మరక

బోరా గాలి లేచిన రోజుల్లో
మా త్రియెస్తె వీధుల్లో తాళ్లు కట్టేవాళ్లు,
మనిషి కొట్టుకుపోకుండా
మూల తిరిగేదాకా పట్టుకోడానికి.
అలా ఒక తాడు పట్టుకునే
అరవై ఎనిమిది జనవరిలో
ఆస్పత్రి నేలమాళిగలోకి దిగాను.
గాజుపలకల మీద
కడుపుముక్కలకి రంగులద్దే ఉద్యోగం.

పై అంతస్తులో పాలవార్డు.
గంటకో గ్లాసు, మీగడతో.
పుండుకి కారణం ఆమ్లం,
ఆమ్లానికి కారణం దిగులు,
దిగులుకి కారణం మీరే
అని డాక్టర్ ఎర్మన్నో క్రావోస్ చెబుతుంటే
తప్పు చేసిన పిల్లల్లా తలలూపేవాళ్లు రోగులు.
ఆయన చెడ్డవాడు కాదు.
రాత్రిళ్లు మంచం పక్కన కుర్చీ వేసుకుని
ఎవరికో ఒకరికి గ్లాసు పట్టిస్తూ కనిపించేవాడు.
పుస్తకాలన్నీ ఆయన పక్షమే.

లివియో ఓడరేవులో కాఫీ మూటలు మోసేవాడు.
కోటు విప్పితే వార్డంతా కాఫీ వాసన.
తాగడానికి మాత్రం పాలు.
ఆఖరికి సగం కడుపు కోసేశారు.
అందులో గోరంత ముక్క
మైనంలో పోతపోసి నా బల్ల మీదకొచ్చింది.

కటకం కింద
జిగురుపొర అంచున
సన్నటి వంకర గీతలు,
అక్షరాలు రాలిపోగా
మిగిలిన కొమ్ముల్లా.

క్రావోస్ గారిని పిలిచాను.
వంగి చూశారు. నిజంగానే చూశారు, చాలాసేపు.
"మరక. ఆ ఆమ్లంలో ఏదీ బతకదమ్మా ఫుల్వియా.
పలక మళ్లీ కడుగు."
కడిగాను.
శుభ్రంగా కడుగుతానని నాకు పేరు.

ఇరవై ఏడేళ్ల తర్వాత
కొత్త డాక్టరమ్మ ఒర్నెల్లా
మాత్రల డబ్బా గలగల ఊపుతూ మెట్లు దిగింది.
దిగులు కాదట. ఒక సూక్ష్మజీవి.
రెండు వారాలు మింగితే చాలట.

పాలవార్డు మూసేస్తున్నామని ఎవరూ ప్రకటించలేదు.
ఒక సోమవారం పాలబండి రాలేదు, అంతే.
వంటింటి వెనక బోర్లించిన క్యాన్లలో ఒకదాన్ని
ఎవరో తిరగేసి జెరేనియం నాటారు.
పాఠ్యపుస్తకంలో మా అధ్యాయం
మరుసటి ముద్రణకి అరపేజీ అయింది,
ఆపై ముద్రణకి ఒక్క వాక్యం:
"పూర్వం దిగులే కారణమని భావించేవారు."

భావించేవారు.
ఆ క్రియకి కర్త లేడు.
ఆ లేని కర్తల్లో నేనొకత్తెని.

లివియో మైనపుముక్క వెతికి తీశాను.
పలచగా కోసి ఈసారి వెండిరంగు వేశాను.
నల్లగా, తేటగా, అవే కొమ్ములు.
నా కన్ను ఆనాడూ చూసింది.
మరక అన్నది కన్ను కాదు.

క్రావోస్ గారికి చెబుదామంటే
ఆయన పోయి అప్పటికే నాలుగేళ్లు.
చివర్లో ఆయనకీ కడుపుమంట.
తలదగ్గర సగం తాగిన పాలగ్లాసు ఉందని విన్నాను.

ఒర్నెల్లా పాత అరలు ఖాళీ చేయిస్తానంది.
వద్దన్నాను.
చేతిలో పలక వెలుతురుకి ఎత్తి చూస్తూ,
అంచున ఏదో మసకని గోటితో గీకుతూ,
"ఏముంది వీటిలో ఇంకా?" అంది.
నేను ఆ గోటినే చూస్తున్నాను.

ఆదివారం లివియో ఇంటికి వెళ్లాను.
డెబ్బై ఒకటి దాటాడు.
అంతా విని
రొట్టెముక్క మెత్తగా నలుపుతూ కూర్చున్నాడు.
"అయితే నా కోపం వల్ల కాదా?
కోపం కడుపుకి చేటన్నారని
ఇరవై ఏడేళ్లు ఒక్క మాట ఎదురాడలేదే నేను!
కడుపులో చల్ల కదలకుండా బతికానే!"

పొయ్యి దగ్గర నోర్మా
గరిటె ఆపి వెనక్కి తిరిగింది.
"నువ్వు మంచివాడివయ్యావనుకున్నాను."

చాలాసేపు ఎవరం మాట్లాడలేదు.
కిటికీ రెక్క గాలికి కొట్టుకుంది.
తర్వాత ఆవిడ మూడు కప్పులు పెట్టి
మూడింట్లోనూ కాఫీ పోసింది.
అతనిది సగమే.
"చక్కెరేదీ?" అన్నాడు లివియో,
కాస్త గట్టిగా,
గొంతు సవరించుకుని చూస్తున్నట్టు.